పాతిక మీటర్ల మబ్బు

తిరుపతి
3 ఆగస్టు 2024

చిరంజీవి వాసుదేవ్‌కు అక్కయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు అరిచావు. నేను పెట్టేశాను. పెట్టేయడం తప్పే. కానీ మనిద్దరికీ ఫోను పనికిరాదు, వాసూ. నువ్వు వినకుండా మాట్లాడతావు, నేను మాట్లాడకుండా వింటాను. ఇకనుంచి రాయి. కాగితం మీద ఎవరూ అరవలేరు.

పోస్టులో వేయవని తెలుసు. చిత్తూరు బస్సు కండక్టరు లోకేష్ మన వెనకింటి రాఘవమ్మ అల్లుడు. ఉత్తరాలు ఇటూ అటూ తాను చేరవేస్తానన్నాడు.

తుపాకికి దుర్భిణి కొంటానన్నావు కదా. దాన్ని పెట్టుకోవడానికి నాయన పెట్టె పంపుతున్నాను. దివ్యప్రబంధం పుస్తకం పెట్టుకునేవారే, ఆ టేకు పెట్టె. మూరెడు పొడవుంది, సరిపోతుందనుకుంటాను. లోపలి మఖమలు చివికిపోతే కొత్తది కుట్టించాను. నాయన ఉంచుకున్నట్టే సిద్ధం చేసి పంపుతున్నాను.

నాయన నీ తుపాకిని ఒప్పుకోలేదని నీకు బాధ ఉంది. ఆయన పెట్టె ఒప్పుకుందనుకో.

కాఫీ పొడి అరకిలో ఉంది. ఎక్కువ మరిగించకు.

పెరుందేవి


చిత్తూరు
9 ఆగస్టు 2024

అక్కయ్యకు నమస్కారాలు.

పెట్టె అందింది. లోకేష్ దాన్ని భుజాన వేసుకొని మేడెక్కి వచ్చి, "సారూ, ఇంత బరువుండాది, లోపల సామి గానీ ఉండాడా?" అన్నాడు. పెట్టె బాగుంది. కాఫీ పొడి కూడా చేరింది. నువ్వు ఎంత మంచిది పంపినా నాకు వేడినీళ్లే. కరోనా వచ్చిపోయి మూడేళ్లు దాటింది, ముక్కుకు వాసన తిరిగి రాలేదు. నీ మరదలు హంసినిని తీసుకుపోయిన జబ్బు, నా దగ్గర ముక్కుతో సరిపెట్టుకొని చేతి వణుకు కొసరిచ్చి పోయింది. సరే, వదిలెయ్.

దుర్భిణి అనకు. స్కోపు. నీకు అర్థమయ్యేటట్టు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఎవరికి చెప్పినా సలహా ఇస్తారే గానీ వినరు.

పూతలపట్టు అవతల మా షూటింగ్ రేంజిలో నిలబడి కాల్చేవాళ్లు స్కోపు వాడకూడదు. నిలబడితే నా చేయి ఆగదు. అందుకే బెంచి విభాగానికి మారాను. బల్ల ముందు కూర్చుని, ఎయిర్ రైఫిల్‌ను చిన్న స్టాండు మీద ఆనించి, పాతిక మీటర్ల అవతల కాగితం మీద కాల్చాలి. పది మార్కుల చుక్క ఆవగింజంత. ఇందులో స్కోపే సగం ఆట.

ఇప్పుడు నా తలనొప్పి విను. ఎనిమిది వేలకు దొరికేది ఆటబొమ్మ. మా క్లబ్బులో మోహన్ దగ్గరున్నది లక్షన్నర, క్వారీ ఉన్నవాడు కాబట్టి ఆయనకు చెల్లింది. నేను కొనగలిగింది నలభై వేల దగ్గర. ఆ మధ్యరకంలోనే నరకమంతా ఉంది. ఒకదానికి అద్దం బాగుంటుంది, పక్కన తిప్పే చక్రం ఉండదు. ఆ చక్రం లేకపోతే కన్ను వెంట్రుకవాసి జరిగినా లోపలి గీత కూడా చుక్క మీద నుంచి జరిగినట్టు కనబడుతుంది. వేటగాళ్ల కోసం వంద గజాలకు బిగించి అమ్మేవి అవి, పాతిక మీటర్లకు చేటు. ఇంకోదానికి చక్రం ఉంది, గీతలు దారమంత లావు, చుక్కనే మింగేస్తాయి. మూడోదానికి చక్రమూ ఉంది, నలభై రెట్లు పెద్దగా చూపిస్తుంది, కానీ మసక వెలుతురులో చీకటి. చెన్నైలో అమ్మే ధనంజయను అడిగితే, "మూడూ మంచివే సార్, మీకు ఏది నచ్చితే అది" అంటాడు. అది చెప్పడానికి దుకాణం ఎందుకప్పా?

డిసెంబరు పదిహేనున రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. నాకు యాభై వస్తున్నాయి. వారానికి రెండు పూటలు ఆ బల్ల ముందు కూర్చున్నప్పుడు తప్ప నా తలలో రొద ఆగదు. అయినా చెబుతున్నా, ఈసారి ఎంపిక కాకపోతే రైఫిల్ మోహన్‌కు అమ్మేసి మళ్లీ ఆ దారి తొక్కను. తప్పుతూనే ఉండేవాడు ఎన్నాళ్లని కూర్చుంటాడు?

పోస్టులో వేయనన్నది మొండితనం కాదు. 96లో ఢిల్లీ షూటింగ్ శిబిరానికి నా పిలుపు కాగితాన్ని, మన ఊరి ముద్ర పడినాక ఎక్కడో పదకొండు రోజులు పడేసి, తేదీ దాటినాక తెచ్చిచ్చిన శాఖ అది. ఆ రోజు పోయుంటే నేనీపాటికి ఎక్కడుండేవాణ్ణో. వాళ్ల మీద నమ్మకం మళ్లీ పుట్టదు.

మూడింటిలో ఏది కొనమంటావు?

వాసు


తిరుపతి
17 ఆగస్టు 2024

వాసూ,

మూడు సార్లు చదివాను. స్కోపుల గురించి నాకేం తెలుసు. చక్రం ఉన్నది అవసరమని నువ్వే రాశావు. అది తీసుకో.

ఒక్కటే అడుగుతాను. నలభై రెట్లు పెద్దగా చూపిస్తే చేతి వణుకు కూడా నలభై రెట్లు కనబడుతుంది కదా. తక్కువ రెట్లది చాలదా?

ఏది కొన్నా ముందు పెట్టెలో ఒక రాత్రి ఉంచి, ఆ తర్వాత వాడు. నీ పేరు మీద రోజూ తులసి సమర్పిస్తున్నాను.

అక్కయ్య


చిత్తూరు
1 సెప్టెంబరు 2024

అక్కయ్యకు,

నా చేతి వణుకు గుర్తుచేసేవాళ్లు ఆఫీసులో నలుగురున్నారు. సంతకం పెట్టేటప్పుడల్లా ప్యూను కాగితం పట్టుకుంటాడు. నువ్వు కూడా ఆ జాబితాలో చేరతావనుకోలేదు.

స్కోపు కొన్నాను. మూడోది, చక్రం ఉన్నదే. ఎనిమిది నుంచి నలభై రెట్ల దాకా తిప్పుకోవచ్చు. మొదటి రోజు రేంజిలో కూర్చుని చూస్తే, పాతిక మీటర్ల అవతల కాగితం మీద పాకుతున్న చీమ కాళ్లు లెక్కపెట్టగలిగాను. అంత బాగుంది! నలభై రెట్ల మీదే పెట్టుకుంటున్నాను. ఎవరేమన్నా.

రైఫిల్ క్లబ్బు బీరువాలోనే ఉంటుంది. అక్కడ చెమ్మ ఎక్కువ కాబట్టి స్కోపు మాత్రం విప్పి ఇంటికి తెస్తాను. వచ్చినాక నాయన పెట్టెలో పెట్టి మూత బిగిస్తాను. ఇక మీదట రాత్రే కాదు, ఎప్పుడూ అందులోనే ఉంటుంది. నీ మాట విన్నట్టే కదా.

వాసు


తిరుపతి
8 సెప్టెంబరు 2024

వాసూ,

నీ చేయి గురించి తప్పుపట్టి రాయలేదు. నాకు తోచింది రాశాను. ఎక్కువ మాటలు రాసుంటే నీకు నొప్పి తెలిసేది కాదేమో. నాకు అది రాదు.

స్కోపు పెట్టెలోనే ఉంటుందన్నావు. సంతోషం.

అక్కయ్య


చిత్తూరు
28 సెప్టెంబరు 2024

అక్కయ్యకు,

నా నెత్తిన శని కూర్చున్నాడు.

వారం తిరగక ముందే స్కోపు మసకబారింది. పొద్దున పెట్టెలోంచి తీసి బిగించి చూస్తే పాలు కలిపిన నీళ్లలోంచి చూస్తున్నట్టుంది. చుక్క లేదు, గీత లేదు, అంతా తెలుపు. మెత్తటి గుడ్డతో తుడిస్తే కాస్త పోతుంది, చారలు మిగులుతాయి. రెండు గురి కార్డులు కాల్చేసరికి దానంతటదే తేలిపోతుంది. అప్పటికి నా పూట అయిపోతుంది. మర్నాడు మళ్లీ అదే. ఇవి గాలి చొరకుండా లోపల గ్యాస్ నింపి మూసేవి. ఆ గ్యాస్ కారిపోయి ఆవిరి పడుతోందని నా అనుమానం.

సెలవు పెట్టి చెన్నై పోయాను. అట్టడబ్బా లేకుండా తెస్తే మార్చనని ధనంజయ ముందే ఫోనులో చెప్పినాడు. అందుకని ముందు రోజు రాత్రే డబ్బాలో సర్దుకొని, తెల్లవారుజామున బస్సెక్కి, నగరి దగ్గర గంటన్నర దారిలో ఆగి, ఎండలో చచ్చి దుకాణం చేరాను. డబ్బా తెరిచి ఇచ్చాను. వాడు దాన్ని కిటికీలోంచి ఎదుటి మేడ మీదికి గురిపెట్టి చూసినాడు. నా చేతికిచ్చినాడు. అద్దం తళతళ మెరుస్తోంది, అక్కయ్యా! మబ్బు లేదు, చార లేదు. నా బతుకులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"సార్, మసక యాడుండాది? నాకు సూపించండి," అన్నాడు.

"పొద్దున ఉంటుందయ్యా," అన్నాను.

"గ్యాస్ పోయుంటే మధ్యాన్నం మాత్రం బాగుంటాదా సార్? ఏమనుకోవద్దండి, మీ వయసు కస్టమర్లు నలుగురు ఇట్లే వచ్చినారు. నలుగురికీ కంటి ఆపరేషనే అయినాది."

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వినారు. నేను అరిచాను. చివరికి, గొడవ వద్దని, పైన కొంత కట్టించుకొని అదే రెట్లుండే ఇంకో కంపెనీది ఇచ్చినాడు. ఇది చూడ్డానికి గట్టిగా ఉంది. చూద్దాం.

ఈ దేశంలో మధ్యరకం సరుకు కొనేవాడికి మర్యాద లేదు. చౌకది కొంటే జాలిపడతారు, ఖరీదైనది కొంటే కుర్చీ వేస్తారు. మనల్ని మాత్రం కంటి డాక్టరు దగ్గరికి పంపుతారు.

వాసు


తిరుపతి
4 అక్టోబరు 2024

వాసూ,

నీ ఉత్తరం చదివి భయమేసింది. నాయనకు కూడా మొదట మబ్బే. ప్రబంధం చదువుతూ చదువుతూ ఆగి, అక్షరాల మీద పాలు పోసినట్టుందనేవారు. ఎండెక్కేసరికి తగ్గేది. అందుకే ఎవరమూ పట్టించుకోలేదు. నరం దెబ్బతిన్నదని తెలిసేసరికి ఒక కన్ను పోయింది.

నువ్వు కూడా పాలు అనే మాటే రాశావు.

కొట్టువాడు ఎగతాళి చేశాడని కోపం తెచ్చుకోకు. ఈ వారంలోనే కంటి ఆసుపత్రికి పో. నేను శనివారాలు ఒక్కపొద్దు మొదలుపెట్టాను. చూపించుకున్నాక రాయి. అంతవరకు వేరే సంగతులు వద్దు.

అక్కయ్య


చిత్తూరు
21 అక్టోబరు 2024

అక్కయ్యకు,

నీ శనివారాలు ఆపేసి కడుపునిండా తిను. నా కళ్లు బాగున్నాయి.

కంటి ఆసుపత్రిలో పొద్దున ఏడింటికి టోకెను తీసుకొని మధ్యాహ్నం మూడింటి దాకా కూర్చున్నాను. చుక్కల మందు వేసినారు, దీపాలు వేసి చూసినారు, కంట్లోకి గాలి కొట్టినారు. చివరికి డాక్టరమ్మ, "మీకు నరం బాగుండాది, శుక్లం లేదు, దగ్గరి చూపుకు అద్దాలు చాలు. ఎవురు పంపినారు మిమ్మల్ని?" అని అడిగింది. ఏం చెప్పను? తిరుపతిలో మా అక్క పంపిందని చెప్పాను. ఆమె కూడా నవ్వింది. చుక్కల మందుతో ఆ రోజంతా ఏమీ కనబడక ఆటోవాడు చేయి పట్టుకొని మేడెక్కించినాడు.

ఇప్పుడు అసలు విషయం. రెండో స్కోపు కూడా మసకబారింది. అదే తెలుపు. అదే పాలు. వేరే కంపెనీ, వేరే దేశం సరుకు, అయినా అదే రోగం. ధనంజయకు ఫోను చేస్తే, "సార్, నేను మీ కాళ్లకు దండం పెడతా, ఆ లక్షన్నరది కొనుక్కోండి, లేదంటే ఈ ఆట మానేయండి" అన్నాడు. నెలంతా నా కార్డుల్లో పదులు లేవు. ఏడులు, ఆరులు. ఆ తెలుపులో గీత కోసం వెతుక్కుంటూ, కాసేపు ఆగి, మబ్బు కొంచెం విడిపోయినప్పుడు కాల్చి, మళ్లీ ఆగి. ఇదేనా గురి?

నిన్న రేంజిలో మోహన్ నా పక్క బల్ల. నేను నాయన పెట్టె మూత తెరిచేసరికి, "ఏమప్పా అయ్యగారూ, నువ్వు పెట్టె తెరిస్తే గర్భగుడి తలుపు తీసినట్టుంటాది. హారతి పళ్లెం యాడ?" అన్నాడు. అందరూ నవ్వినారు. ఇంకొకాయన గాలి గట్టిగా పీల్చి, "నిజమే అబ్బా, చెప్పులు ఇడిసి రావాల్సింది" అన్నాడు. గుడి కుటుంబంలో పుట్టినవాడు తుపాకి పట్టి గురి తప్పితే దేవుడి పేరు మీద ఎగతాళి. మూడో కార్డు కాల్చకుండానే వచ్చేశాను.

అక్కయ్యా, నాకు విసుగొచ్చింది. మొదట ఆ పోస్టువాళ్లు, తర్వాత ఆ జబ్బు, ఇప్పుడు ఈ అద్దాలు. నేను దేన్ని గురిపెట్టినా దానికీ నాకూ మధ్య ఏదో ఒకటి తెల్లగా వచ్చి నిలబడుతుంది. డిసెంబరు దాకా ఎందుకు? దసరా కూడా అయిపోయింది. వచ్చే ఆదివారం రైఫిల్ తీసుకుపొమ్మని మోహన్‌కు చెప్పబోతున్నాను.

వాసు


తిరుపతి
23 అక్టోబరు 2024

వాసూ,

రైఫిల్ ఎవరికీ ఇవ్వవద్దు. ఈ ఉత్తరం చదివేదాకా ఏమీ చేయవద్దు.

పెట్టె తీసుకో. మఖమలు అంచు ఎడమ పక్కన కుట్టలేదు, దోపి ఉంటుంది. ఎత్తి చూడు. కింద గుడ్డ పొట్లం ఉంటుంది. అది పచ్చకర్పూరం. సన్నిధి నుంచి తెచ్చినది, పిడికెడు.

నాయన ఆ పెట్టెలో ఎప్పుడూ కర్పూరం ఉంచేవారు. పుస్తకానికి పురుగు పట్టకుండా. నేనూ అలాగే ఉంచాను. పెరుమాళ్ల పేరు నీ దగ్గర ఉన్నట్టు ఉంటుందనీ అనుకున్నాను. చెబితే వద్దంటావని కాదు. చెప్పాలనే తోచలేదు. "సిద్ధం చేసి" అని రాశాను. ఆ మాట చాలనుకున్నాను.

మోహన్ ఎగతాళి చేయలేదు. ఆయనకు నిజంగానే గుడి వాసన వచ్చింది. నీకు రాదు.

మన దేవుడి గదిలో పటాల అద్దాల మీద తెల్లటి పొర పడుతుంది, చూశావు కదా. చిన్నప్పుడు నీ చేతే తుడిపించేదాన్ని. కర్పూరం మూతపెట్టిన చోట గాలిలో కలిసి, చల్లటి అద్దం దొరికితే దాని మీద కూర్చుంటుంది. గాలి తగిలితే పోతుంది. అట్టడబ్బాలో ఒక రాత్రి, బస్సులో ఒక పూట ఉన్నాక నీ స్కోపు మెరిసింది. ఇంటికి వచ్చి నాయన పెట్టెలో పడుకుంది. నీ కళ్లదీ తప్పు కాదు, స్కోపుదీ కాదు.

నిన్న సాయంత్రం నీ ఉత్తరంలో గర్భగుడి అనే మాట దగ్గర ఆగిపోయాను. రాత్రి నిద్రపోలేదు. ఫోను చేయవచ్చు. చేస్తే నువ్వు అరుస్తావు, ఆ అరుపు చాటున నేను రెండో సంగతి దాచుకుంటాను. అందుకే రాస్తున్నాను.

రెండో సంగతి. 96లో నీ ఢిల్లీ కాగితాన్ని పోస్టువాళ్లు ఆలస్యం చేయలేదు.

అది సరైన రోజుకే వచ్చింది. నువ్వు కాలేజీకి పోయి ఉన్నావు. ఇంటికి ఏ కాగితం వచ్చినా ముందు పెరుమాళ్ల పీఠం కింద పెట్టాలని నాయన నియమం. కవరు విప్పకుండా పెట్టాను. ఆ సాయంత్రమే నారాయణవనం పెదనాయన పోయినట్టు కబురు. పది రోజుల మైల. నాయన దేవుడి గది తలుపు మూయించారు. నీకు చెబితే తలుపు తీయమంటావు. నాయన తీయరు. చావు జరిగిన ఇంట్లో తండ్రీకొడుకుల గొడవ ఎందుకని ఊరుకున్నాను. లోపల ఏ తేదీ ఉందో నాకు తెలియదు. పదకొండో రోజు శుద్ధి అయ్యాక తీసి నీ చేతికిచ్చాను. అప్పటికి శిబిరం తేదీ దాటి రెండు రోజులైంది.

ఎప్పుడొచ్చిందని అడిగావు. "ఇవాళే" అన్నాను.

ఆ ఒక్క మాటకు ఇరవై ఎనిమిదేళ్లు నువ్వు పోస్టువాళ్లను తిట్టావు. తిట్టినప్పుడల్లా విన్నాను. తక్కువ మాట్లాడతానని అందరూ నన్ను మెచ్చుకుంటారు. నేను చెప్పని మాటలే రెండు సార్లు నీ గురికి అడ్డం వచ్చాయి.

క్షమించమని అడగడం లేదు. పెట్టె మూత తెరిచి ఎండలో పెట్టు. డిసెంబరు పదిహేనున ఆ బల్ల ముందు కూర్చో. నా మీద కోపంతోనైనా కూర్చో.

పెరుందేవి


తిరుపతి
12 నవంబరు 2024

వాసూ,

ఉత్తరం నీ చేతికే ఇచ్చానని లోకేష్ చెప్పాడు. "సారు నిలబడే సదివినాడమ్మా. మళ్లా ఇంకోసారి సదివినాడు. ఏమన్నా ఇస్తాడేమోనని చూస్తా ఉంటే, 'బస్సు పోతాది, పో' అన్నాడు" అన్నాడు.

జవాబు కోసం కాదు ఇది. కర్పూరం తీశావో లేదో తెలిస్తే చాలు. లోకేష్‌కు ఊ అని చెప్పు.

అక్కయ్య


తిరుపతి
2 డిసెంబరు 2024

వాసూ,

లోకేష్‌తో నువ్వు ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదట.

నీ పేరు మీద తులసి ఆపలేదు. అది నీకు చెప్పాలనిపించింది. ఇకనుంచి తోచినవన్నీ చెప్పాలనుకున్నాను. చేతకావడం లేదు. నేర్చుకుంటాను.

అక్కయ్య


చిత్తూరు
17 డిసెంబరు 2024

అక్కయ్యకు,

కోపం పోలేదు. అది ముందే రాసి పెడుతున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మఖమలు ఎత్తి చూశాను. పొట్లం ఉంది. తీసి బల్ల సొరుగులో పడేసి, పెట్టెను అటక మీదికి తోసేశాను. నెల రోజులు దాని ముఖం చూడలేదు. ఆఫీసులో కూర్చుంటే ఆ పదకొండు రోజులే కళ్ల ముందు. మూసిన తలుపు ఇవతల నేను అన్నం తిన్నాను, నిద్రపోయాను, పెదనాయన కర్మలకు నీళ్లు మోసినాను. పది అడుగుల దూరంలో నా కాగితం. ఒక మాట చెప్పుంటే తలుపు విరగ్గొట్టేవాణ్ణి. అందుకే చెప్పలేదని నువ్వే రాశావు.

సరే. రైఫిల్ అమ్మలేదు. మోహన్ వచ్చినాడు కూడా. "ఏమప్పా, బేరం ఖాయమేనా?" అన్నాడు. "నీకు ఆ పొద్దు గుడి వాసన నిజంగానే వచ్చినాదా?" అని అడిగాను. "వచ్చినాదయ్యా, మా అవ్వ గుర్తుకొచ్చినాది. నువ్వు ఎందుకట్లా మొగం మాడ్చుకున్నావో తెలీలా" అన్నాడు. మనిషి మంచివాడే. అన్యాయంగా తిట్టుకున్నాను. ఆ లెక్కన ధనంజయకూ క్షమాపణ బాకీ. వాడికి మాత్రం చెప్పను, మళ్లీ కంటి ఆపరేషన్ అంటాడు.

పొట్లం పోయినాక స్కోపు అద్దంలా ఉంది. అయినా పదులు పడలేదు, అక్కయ్యా! అది నన్ను మసక కంటే ఎక్కువ బాధపెట్టింది. మబ్బు లేకుండా నలభై రెట్లలో చూస్తే నా గుండె కొట్టుకోవడం కూడా గీతలో తెలుస్తోంది. టక్, టక్, చుక్క దాటి పోతోంది. నాలుగు రోజులు కొట్టుకొని, ఎవరూ చూడకుండా పదహారు రెట్లకు తగ్గించాను. ఆగింది. ఆగస్టులోనే నువ్వు ఆ మాట రాసినావు. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

ఇప్పుడు పదిహేనో తేదీ సంగతి. పొద్దున ఏడున్నరకు పూతలపట్టు కొండంతా పొగమంచు. అట్లాంటి మంచు నేను అక్కడ ఎప్పుడూ చూడలేదు. అందరి స్కోపుల మీదా చెమ్మ. కార్డుకు ఇరవై నిమిషాలే, పాతిక గుళ్లు. మోహన్ లక్షన్నర స్కోపును పంచెతో తుడుస్తాడు, ఊపిరి తగిలి మళ్లీ తెల్లబడుతుంది, మళ్లీ తుడుస్తాడు, తొందరపడి కాలుస్తాడు. అటు పక్కవాడు లేచి, "పోటీ ఆపండి" అని అరిచినాడు. ఆపలేదు.

నేను తుడవలేదు. నా ముందు తెలుపు. రెండు నెలలు అదే తెలుపుతో కాపురం చేసినవాణ్ణి. అది ఎట్లా కదులుతుందో, ఎక్కడ పలచబడుతుందో నా కంటికి తెలుసు. గాలి వచ్చేదాకా ఆగి, విడిపోయిన రెండు క్షణాల్లో ఒకటి కాల్చి, చేయి తీసేసి, మళ్లీ ఆగాను. ఆఖరి గుండు వేసేసరికి నిమిషం కూడా మిగలలేదు. చుట్టూ ఏం జరుగుతోందో వినబడలేదు. తలలో రొద లేదు.

ఎనిమిది మందిని తీసుకున్నారు. నేను ఏడోవాణ్ణి. మోహన్ పదకొండు. "నీకు మబ్బులో కనబడతాదేందప్పా?" అని భుజం మీద కొట్టినాడు. మా అక్క నేర్పించిందని చెప్పాను. ఆయన అది నవ్వులాట అనుకున్నాడు. నేనూ ఏమనుకోవాలో తెలియకే అన్నాను.

శిబిరం తేదీ, చోటు రాసిన పిలుపు కాగితం రిజిస్టరు పోస్టులో వస్తుందట. ఏ చిరునామాకు పంపాలో రాసివ్వమన్నారు. తిరుపతిది రాసిచ్చాను, నీ పేరు మీద. ఎందుకని అడగకు. నాకే సరిగ్గా తెలియదు.

నీ పొట్లం ఇందులోనే పెట్టాను, తీసుకో. కట్టు విప్పలేదు. ఎంత మిగిలుందో నువ్వే చూసుకో.

ఈ ఉత్తరం లోకేష్‌కు ఇవ్వడం లేదు. పోస్టులో వేస్తున్నాను. పోస్టు డబ్బా ముందు ఈ మధ్యాహ్నం కాసేపు నిలబడ్డాను. ఎర్రగా, ఏమీ తెలియనట్టు నిలబడి ఉంది పాపం.

వాసు


తిరుపతి
6 జనవరి 2025

చిరంజీవి వాసుకు,

నీ ఉత్తరం పోస్టులో నాలుగో రోజే వచ్చింది. పొట్లం విప్పాను. అందులో ఏమీ లేదు. గుడ్డకు వాసన మాత్రం ఉంది.

జవాబు రాయాలని రోజూ కూర్చున్నాను. రాయదగింది ఏదీ తోచలేదు. ఇవాళ ఉంది.

నీ కాగితం పదకొండున్నరకు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. ధనుర్మాసం కదా, రాఘవమ్మ ప్రసాదం కోసం వచ్చి ఉంది. "ముందు సామి దగ్గర పెట్టమ్మా, మంచి కాగితం మాదిరుండాదే," అంది. పెట్టలేదు. గడప దగ్గరే నిలబడి, చేతులు కూడా కడుక్కోకుండా విప్పాను. నియమం తప్పాను. నాయన ఉంటే ఏమనేవారో తెలియదు.

జనవరి ఇరవై ఏడు, పొద్దున తొమ్మిది గంటలు. చోటు లోపల రాసి ఉంది. రెండు సార్లు చూశాను. ఇంకా ఇరవై ఒక్క రోజులున్నాయి. కాగితం ఈ ఉత్తరానికే కుట్టాను. లోకేష్ బస్సు మూడింటికి. తేదీ ఫోనులో కూడా చెబుతాను. నువ్వు అరిచినా పెట్టేయను.

ఇది ముందు నీకు చెప్పి, ఆ తర్వాత పెరుమాళ్లకు చెప్పుకుంటాను. నువ్వు ఫోను ఎత్తేదాకా దేవుడి గదిలో దీపం పెట్టను.

పెరుందేవి